కోత పండుగ కంబళి

“...చెమట కారతాంటే కూడా కప్పి పెట్టల్లనా? ఒకసారి చెయ్యి పెట్టి సూడు. ఆ కంబళి పిండితే బొక్కెన నిండేటట్లుంది.”

“పండగ అయిపోయింది. కప్పినాం. ఇంగ శివరాత్రి ఎండలు వచ్చేదాకా తీసేది లేదు.”

“ఇప్పుడుండేది ఎండ కాదా? ఫ్యాను ఏసుకోని పండుకుంటాండావు నువ్వు. దానికి మాత్రం కంబళి.”

“నాకు పండగతో పని లేదు. గుర్రానికి ఉంది.”

కృపావతి కొట్టం బయటే ఆగిపోయింది. ఆళ్లగడ్డ నుంచి పొద్దున ఏడింటి బస్సుకు బయలుదేరి నంద్యాలలో దిగి, నూనెపల్లె దాకా నడిచి వచ్చింది. చేతిలో సంచి ఉంది. లోపల మాట్లాడుతున్నది ఆమె బావ జ్ఞానప్రకాశం, ఆయన భార్య ఎలిజబెత్. ఈ ఇంట్లో జగడం జరుగుతుంటే ముగిసేదాకా బయట నిలబడి, అప్పుడే వచ్చినట్లు లోపలికి పోవడం ఆమెకు ముప్పై ఏండ్లుగా అలవాటు. అలవాటు ప్రకారం సంచి కింద పెట్టి నిలబడింది.

“పోనీ, కృపాకైనా చెప్పినావా, మన పండగ ముందే అయిపోయిందని?” అంది ఎలిజబెత్ గొంతు.

“ఎందుకు చెప్పేది? వాళ్ల చర్చికి వాళ్ల పండగ, మన చర్చికి మన పండగ.”

“రెండు గుర్రాలనీ కట్టేది ఒక బండికే గదా!”

“కట్టినప్పుడు చూద్దాంలే.”

ఆ మాటకు కృపావతి అలవాటు తప్పింది. జగడం ముగియకముందే సంచి తీసుకుని లోపలికి పోయింది.

కొట్టంలో వెండి నిలబడి ఉంది. వెండి అంటే జ్ఞానప్రకాశం తెల్ల ఆడగుర్రం. మెడ నుంచి తోక దాకా దాని మీద నల్ల కంబళి, కడుపు కింద తాడుతో బిగించి ఉంది. గుర్రం కదలకుండా, ఎవరో తిడితే విన్నట్లు తల వంచుకుని ఉంది. కృపావతి కంబళి అంచు పట్టుకుని రోంత ఎత్తి చూసింది. లోపలి నుంచి వేడి ఆవిరి కొట్టింది. భుజం మీద అరచేయంత మేర వెంట్రుక రాలి, బూడిదరంగు చర్మం బయటపడింది.

“ఇదేంది బావా?”

“రాచుకుంది,” అన్నాడు జ్ఞానప్రకాశం.

“ఎప్పుడు కప్పినారు?”

“అక్టోబరు పన్నెండు. కోత పండగ సాయంత్రం.”

కృపావతి వేళ్లమీద లెక్కపెట్టింది. ఆ రోజు నవంబరు పద్దెనిమిది. ఐదు వారాలు దాటింది.

*

ఈ కప్పే లెక్క ఈ కుటుంబానికి మాత్రమే తెలిసిన లెక్క. కృపావతి మామ ప్రభుదాసు నంద్యాల స్టేషను దగ్గర జట్కా తోలేవాడు. చర్చిలో కోత పండుగ జరిగే ఆదివారం సాయంత్రం, ఆరాధన అయ్యాక ఇంటికి వచ్చి, తెల్లచొక్కా విప్పకుండానే గుర్రానికి కంబళి కప్పేవాడు. ఆయన బతికినన్నాళ్లూ నంద్యాలలో అయినా ఆళ్లగడ్డలో అయినా కోత పండుగ నవంబరు రెండో ఆదివారమే వచ్చేది. ఆయన పోయాక పెద్దకొడుకు జ్ఞానప్రకాశం నంద్యాలలో ఒక గుర్రాన్ని, చిన్నకొడుకు, అంటే కృపావతి భర్త డేవిడ్ ఆళ్లగడ్డలో ఒక గుర్రాన్ని పెట్టుకున్నారు. జట్కాలు పోయి ఆటోలు వచ్చాక పెండ్లి ఊరేగింపులకు రెండింటినీ జత చేసి రథం బండికి కట్టడం మొదలుపెట్టారు. కంబళి మాత్రం ఎవరి ఊర్లో వాళ్లు, ఒకే ఆదివారం, ఒకే సాయంత్రం కప్పుతూ వచ్చారు. కప్పిన గుర్రానికి చలికాలపు బొచ్చు పెద్దగా రాదు. రెండింటి ఒళ్లూ ఒకే తీరుగా నున్నగా ఉండేవి.

ఈ ఏడు నంద్యాల చర్చికి కొత్త అయ్యగారు, అంటే పాస్టరు, వచ్చి, క్రిస్మస్ పనులకు అడ్డం లేకుండా ఉంటుందని కోత పండుగను అక్టోబరుకు జరిపినాడు. ఆళ్లగడ్డ అయ్యగారు ఐదు పల్లెలు చూసుకునే మనిషి. వానలకు వరి వెనక పడింది, కోత కోయకుండా కోత పండుగ ఏందని డిసెంబరు మొదటి ఆదివారానికి జరిపినాడు. ఇద్దరికీ గుర్రాల సంగతి తెలియదు.

“మీ పండగ ఎప్పుడు?” అని అడిగాడు జ్ఞానప్రకాశం.

“డిసెంబరు ఏడు.”

“అయితే అప్పుడు కప్పు.”

“అప్పటికి దానికి బొచ్చు వచ్చేసుంటాది బావా. ఇప్పటికే వచ్చింది. ఎలుగుబంటి మాదిరి ఉంది.”

జ్ఞానప్రకాశం కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ముప్పైరెండేండ్లు హైస్కూల్లో అటెండరుగా గంట కొట్టి రిటైరైన మనిషి. గంట ఒక్క నిమిషం ముందు కొట్టింది లేదు, ఒక్క నిమిషం వెనక కొట్టింది లేదు. ఒకసారి హెడ్మాస్టరే ప్రార్థన మధ్యలో ఉంటే కూడా టైమైందని కొట్టినాడు.

“ఇంకో మాట,” అన్నాడు. “అజయ్ కుమార్ వస్తాండాడు. ఈ నెల ఆఖరు శనివారం.”

అజయ్ కుమార్ పెండ్లి మంటపాలు, లైట్లు, ఊరేగింపులు చూసే మనిషి. రథం బండికి వచ్చే పనంతా ఆయన ద్వారానే వస్తుంది.

“జనవరి ఆఖర్లో బనగానపల్లెలో పెద్ద పెండ్లంట. యాగంటిలో తాళి కట్టి, బనగానపల్లెలో ఊరేగింపు. రెండు గుర్రాల్నీ పక్కపక్కన నిలబెట్టి చూస్తాడంట. ఒకటే తీరుగా ఉంటేనే ఒప్పుకుంటాడు.”

“లేకుంటే?”

“లేకుంటే మీదాన్ని అమ్మేసి కర్నూలు నుంచి ఒకటి తెస్తా. ఆడ వెండికి సరిగా జతపడేది ఒకటుందంట. మాట్లాడి పెట్టినా.”

ఎలిజబెత్ భర్త వైపు చూసింది. కృపావతి వెండి వైపు చూసింది.

“మీ పండగ వెనక్కి పోతే నేనేం చేసేది మ్మే?” అన్నాడు జ్ఞానప్రకాశం. “మీ అయ్యగారిని అడుగు.”

*

కృపావతిది వెలుగోడు. పెండ్లయ్యేదాకా గుర్రాన్ని దగ్గరగా చూసింది లేదు. పెండ్లి రోజు డేవిడ్ ఆమెను సొంత జట్కాలో ఎక్కించుకుని ఆళ్లగడ్డ బస్టాండు నుంచి ఇంటికి తీసుకుపోయాడు. దారిలో గుర్రం తోక ఎత్తి చేయవలసిన పని చేసింది. ఆమె పట్టుచీర కుచ్చెళ్లు పైకి పట్టుకుని ఏడ్చింది. డేవిడ్ “అది నీకు నమస్తే చెప్పింది” అన్నాడు. ఆ మనిషి అట్లాంటివాడు.

ఆ ఏడాదే ఆమె ఉలవలు నానబెట్టడం నేర్చుకుంది. రెండో ఏడు మాలీషు చేయడం నేర్చుకుంది. మూడో ఏడు డేవిడ్ పక్కూరికి పోతే గుర్రానికి కడుపునొప్పి వచ్చింది. రాత్రంతా కళ్లెం పట్టుకుని వీధిలో తిప్పింది. తెల్లారి డేవిడ్ వచ్చి, “ఇంగ దీని సంగతి నువ్వే చూసుకో” అన్నాడు. తర్వాత అంతా ఆమే చూసుకుంది. ఊరేగింపుల్లో కళ్లెం పట్టుకుని ముందు నడిచింది డేవిడ్. ఫోటోలు ఆయనవే ఉన్నాయి.

వాళ్ల కొట్టానికి ఆనుకుని శిల్పుల షెడ్డు ఉంది. పొద్దున ఎనిమిదింటికి ఉలులు మొదలయితే సాయంత్రం దాకా ఆగవు. రాతిపొడి గాలికి లేచి వచ్చి గుర్రం మీద పడుతుంది. అందుకే కృపావతి రోజుకు రెండుసార్లు రుద్దుతుంది. షెడ్డు ముందు అమ్మకానికి పెట్టిన రాతి గుర్రం ఒకటి నాలుగేండ్ల నుంచి అట్లే ఉంది. దాన్ని కూడా అప్పుడప్పుడు గుడ్డతో తుడుస్తుంది. ఎందుకని ఎవరైనా అడిగితే, చెయ్యి ఊరుకోదు అంటుంది.

ఇప్పుడున్న గుర్రాన్ని నంద్యాల జిల్లా అయిన ఏడాది డేవిడ్ కొన్నాడు. ఊరంతా కొత్త కలెక్టరు గురించి మాట్లాడుకుంటున్నారని దానికి కలెక్టరు అని పేరు పెట్టాడు. ఆడగుర్రం కదా అంటే, ఆడ కలెక్టర్లు లేరా అన్నాడు. మరుసటి ఏడు ఉగాది ముందర, కొట్టంలోనే, ఉలవల బొక్కెన పక్కన కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదు. అప్పటి నుంచి కృపావతి పొద్దున గుర్రం పని చూసుకుని, పది గంటలకు బడిలో మధ్యాహ్న భోజనం వండటానికి పోతుంది. సాయంత్రం మళ్లీ గుర్రం పని. ఊరేగింపులకు కళ్లెం పట్టుకుని ముందు నడిచేది ఇప్పుడు జ్ఞానప్రకాశం.

ప్రతి ఏడూ నవంబరులో ఆయన ఫోన్ చేసేవాడు. “పండగ అయ్యిందా?” “అయ్యింది.” “కప్పు.” ఆమె కప్పేది. ఆమె దగ్గర కంబళి లేదు. మామ కంబళి పెద్దకొడుకుకే పోయింది. రెండు గోనెసంచులు విప్పి, లోపల మెత్తటి పాత చీర పెట్టి కుట్టిన బొంత ఆమెది. కుట్టు గట్టిది. పన్నెండేండ్లుగా విడిపోలేదు.

*

నంద్యాల నుంచి వచ్చిన మరుసటి రోజు కృపావతి అయ్యగారి ఇంటికి పోయింది. ఆయన వరండాలో కూర్చుని ఐదు పల్లెల ఆరాధనల టైములు కాగితం మీద రాసుకుంటున్నాడు.

“కోత పండగ రోంత ముందుకు పెడతారేమో అని వచ్చినా అయ్యగారూ.”

“ఎందుకమ్మా? ఎవరిదన్నా ఊరికి పోయే పనుందా?”

“గుర్రానికి కప్పల్ల.”

అయ్యగారు పెన్ను మూత పెట్టాడు. “ఇంకోసారి చెప్పు.”

ఆమె మొదటి నుంచి చెప్పింది. నంద్యాల పండుగ, వెండి, భుజం మీద రాలిన వెంట్రుక, అజయ్ కుమార్, కర్నూలు గుర్రం. ఆయన అంతా విన్నాడు. మంచి మనిషి, నవ్వలేదు.

“కోత కోసినారామ్మా మీ వీధిలో ఎవరన్నా?”

“మా వీధిలో పొలాలున్నోళ్లు లేరు అయ్యగారూ. రాళ్లు కొట్టేవాళ్లున్నారు.”

“కోయకుండా ఏం తెచ్చి అర్పిస్తారు మరి?”

కృపావతి కూర్చున్న చోటు నుంచి లేవలేదు.

“సరే, కమిటీలో పెడతా,” అన్నాడు అయ్యగారు.

“కమిటీ ఎప్పుడు?”

ఆయన కాగితం చూశాడు. “డిసెంబరు పద్నాలుగు.”

కృపావతి దండం పెట్టి లేచింది. గేటు దాకా వచ్చాక అయ్యగారు వెనక నుంచి పిలిచి, “కప్పకుండా ఉంటే దానికేమన్నా జబ్బు చేస్తాదా అమ్మా?” అని అడిగాడు. ఆమె ఆలోచించింది. పాతికేండ్లకు పైగా గుర్రాల్ని చూసుకుంటున్నా ఆ ప్రశ్న తనను ఎవరూ అడగలేదు.

“ఇంతవరకైతే చెయ్యలేదు అయ్యగారూ,” అంది.

*

చర్చి మెట్ల మీద సంజీవయ్య ఎండ కాచుకుంటున్నాడు. ఎనభై దాటిన మనిషి. ఒకప్పుడు నంద్యాల స్టేషను దగ్గర ప్రభుదాసుతో పాటు జట్కా తోలినవాడు. ఇప్పుడు ఆళ్లగడ్డలో కూతురి దగ్గర ఉంటున్నాడు. అంతకంటే ముఖ్యం, నంద్యాల చర్చిలో కోత పండుగ వేలంపాట ఇరవై ఏండ్లు పాడించింది ఆయనే. జనం అర్పించిన గుమ్మడికాయలు, కోళ్లు, జొన్నలు, అన్నీ ఆరాధన అయ్యాక ఆయన గొంతు మీదనే అమ్ముడుపోయేవి. ఆ గొంతు ఇంకా అట్లే ఉంది.

“ఏం కోడలా, అయ్యగారింటి నుంచి వస్తాండావు? పెండ్లా, చావా?”

“గుర్రం, మామా.”

“గుర్రానికేమాయె?”

మళ్లీ మొదటి నుంచి చెప్పింది. ఈసారి వినేవాడు నవ్వాడు. నవ్వి, దగ్గి, మళ్లీ నవ్వాడు.

“పండగ రోజే కప్పల్లని ఎవరు చెప్పినారు మీకు?”

“మామ అట్లనే కప్పేటోడంట గదా.”

“కప్పినాడు. ఆ కంబళి యాడిదో తెలుసా నీకు?”

“తెలీదు.”

“నేను పాడించిన కంబళి అది. గొర్రెలు కాసే కురవాయన ఒకడు అర్పించి పోయినాడు. గొర్రె వాసన. ఎవరూ ముట్టుకోల్య. ఒకటోసారి, రెండోసారి అని నేను అరస్తాండా, జనాలు గుమ్మడికాయలు మోసుకోని పోతాండారు. మీ మామ నా మొహం చూసి, పాపం వీడు ఒక్కడే నిలబడ్డాడే అని పాట పాడినాడు. ఇంటికి తీసకపోతే మీ అత్త గడప దాటనీలా. ఆ వాసనదాన్ని ఇంట్లో పెడితే నేను పుట్టింటికి పోతా అనింది. బయట పారేసేందుకు మనసొప్పక, తీసకపోయి గుర్రం మీద ఏసినాడు. అదీ సంగతి.”

కృపావతి మెట్టు మీద కూర్చుంది.

“మరి తర్వాతి ఏండ్లు?”

“తర్వాత వాసన పోయింది. మీ అత్త ఉతికి, పెట్టెలో పెట్టి తాళమేసింది. పెట్టె తాళం తీసేది పండగలకే గదా. కోత పండగకి ఆయన చొక్కా బయటికి తీస్తే, దాంతోపాటు గుర్రానిదీ తీసి చేతికిచ్చేది. ఆయన కప్పేటోడు. అంతకుముందు నేనూ ఆయనా చలిని బట్టే కప్పేవాళ్లం, గోనెపట్టలు.”

“చలి అని ఎట్ల తెలిసేది మామా?”

సంజీవయ్య ఆమె ముఖంలోకి చూశాడు. “చెవులు. తెల్లారుజామున చెవి మొదట్లో చెయ్యి పెట్టి చూసేది. వెచ్చగా ఉంటే దానికి చలి లేదు. మూడు నాలుగు దినాలు వరసగా చల్లగా తగిలితే కప్పేది. ఇంతకీ నీకు తెలీదా? ఇన్నేండ్లు ఏం చేస్తాండావు?”

కృపావతికి తెలుసు. రోజూ తెల్లారి లేవగానే కలెక్టరు చెవుల మొదట్లో రెండు చేతులూ పెట్టుకుని కాసేపు నిలబడుతుంది. ఎవరూ నేర్పలేదు. ఆ చేతుల్లోంచే ఈ ఏడు చలి ఇంకా రాలేదని కూడా తెలుసు. అయితే అది తెలియడం అనే లెక్కలోకి వస్తుందని ఆమె అనుకోలేదు. చేతులు వెచ్చబడతాయి గనక పెడుతున్నా అనుకుంది.

“మామా, ఇప్పుడు కప్పితే వచ్చిన బొచ్చు పోతాదా?”

“యాడ పోతాది? ఎండాకాలం దాకా పోదు. కప్పినదానికి తీసేస్తే బొచ్చు వస్తాది. బొచ్చు వచ్చినదానికి కప్పితే పోదు.” ఆయన కట్టె మీద గడ్డం ఆనించుకున్నాడు. “మీ బావకి చెప్పు, వాళ్ల నాయన కొన్న కంబళి నేను ఒకటోసారి, రెండోసారి అనే లోపల ఇచ్చేసినానని. మూడోసారి అనకముందే పాట కొట్టేసినా. యాడ ఆయన మనసు మార్చుకుంటాడో అని.”

*

ఆఖరు శనివారం కృపావతి కలెక్టరును మినీ వ్యానులో ఎక్కించుకుని నూనెపల్లెకు తెచ్చింది. వ్యాను డ్రైవరు సుబ్బయ్య, శిల్పుల దగ్గర రాతి విగ్రహాలు తోలేవాడు. గుర్రాన్ని కూడా విగ్రహం మాదిరే తాళ్లతో నాలుగువైపులా కట్టబోయాడు. ఇది ప్రాణమున్నది అని ఆమె రెండు తాళ్లు విప్పించింది. శిరివెళ్ల దాటేదాకా ఆయన వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు, పడిపోతుందేమో అని. విగ్రహాలు పడిపోయినప్పుడు ఆయనే మాట పడేవాడు.

జ్ఞానప్రకాశం వెండి మీది కంబళి ఆ ఒక్క గంట కోసం విప్పాడు. రెండు గుర్రాలనూ వీధిలో పక్కపక్కన నిలబెట్టారు. వీధి పిల్లలు చుట్టూ చేరారు. అజయ్ కుమార్ బైకు దిగి, ఫోన్ తీసి, ఫోటో కోసం ఎత్తి, మళ్లీ దించాడు.

“ఇదేందన్నా, ఒకటి ఇస్త్రీ చేసినట్లుంది, ఒకటి ఉతికి పిండకుండా ఆరేసినట్లుంది.”

“చలికాలం గదా,” అన్నాడు జ్ఞానప్రకాశం.

“చలి రెండిటికీ ఉంటాది గదన్నా.”

“దానికి పండగ ముందొచ్చింది. దీనికి ఇంకా రాలా.”

“ఏం పండగ?”

జ్ఞానప్రకాశం వెండి జూలు సర్దాడు. అజయ్ కుమార్ వెండి చుట్టూ తిరిగి భుజం దగ్గర ఆగాడు. “ఈడ గోడ సున్నం రాలినట్ల ఇదేంది?”

“రాచుకుంది,” అంది ఎలిజబెత్, భర్త కంటే ముందు. “ఏడువారాలు చెమటలో నానబెట్టినాడు ఈయన.”

“నువ్వు లోపలికి పో.”

“పోను. వీధి మా నాయనది గాదు, మీ నాయనది గాదు.”

అజయ్ కుమార్ ఈసారి కలెక్టరు దగ్గరికి పోయి, మెడ మీది దట్టమైన తెల్ల బొచ్చులో వేళ్లు పెట్టి చూశాడు. గుర్రం ఆయన చొక్కా జేబు వాసన చూసింది.

“నాకు రెండూ ఒకే తీరుగా ఉండల్లన్నా. ఉంటే రెండిటికీ ఉండల్ల. లేకుంటే రెండిటికీ ఉండకూడదు. ఏదైనా పర్వాలేదు. పెండ్లోళ్లు వీడియోలో చూసేది అదే. జనవరి ఇరవైకి మళ్లా వస్తా. అప్పటికి కుదరకపోతే నేను వేరే జత చూసుకుంటా.”

“కుదరతాది,” అన్నాడు జ్ఞానప్రకాశం. “కర్నూలుది వచ్చేవారం తెప్పిస్తాండా. అచ్చం వెండి మాదిరే నున్నగా ఉంటాది. దీన్ని ఇచ్చేస్తా.” దీన్ని అన్నప్పుడు కలెక్టరు వైపు చెయ్యి చూపించాడు. గుర్రం ఆ చేతిలో ఏమైనా ఉందేమో అని మూతి చాపింది.

అజయ్ కుమార్ బైకెక్కి పోయాడు. జ్ఞానప్రకాశం కంబళి దులిపి మళ్లీ వెండి మీద వేయబోయాడు.

“ఆగు బావా,” అంది కృపావతి.

ఆమె వెండి ముందుకు పోయి, రెండు చెవుల మొదట్లో రెండు చేతులూ పెట్టింది. కళ్లు మూసుకోలేదు, ప్రార్థన చేస్తున్నట్లు కూడా లేదు. బియ్యం ఉడికిందా అని చూసే మనిషిలాగా నిలబడింది. వెండి తల కిందికి దించి ఆమె గుండెకు ఆనించింది.

“ఏందీ చేస్తాండావ్?” అన్నాడు జ్ఞానప్రకాశం.

“దీనికి చలి లేదు.”

“చలితో ఏం పని? నాయన...”

“మామ ఆ కంబళి పండగ వేలంలో కొన్నాడంట. గొర్రె వాసనని అత్త ఇంట్లోకి రానీకపోతే గుర్రం మీద ఏసినాడంట. సంజీవయ్య మామ పాడించినాడంట. అందుకే ఆ రోజు.”

వీధి చివర స్కూలు వ్యాను ఒకటి హారను కొట్టి పోయింది. జ్ఞానప్రకాశం కంబళిని ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూశాడు. ఇన్నేండ్ల ఉతుకుల తర్వాత అందులో వెండి చెమట వాసన తప్ప ఏమీ ఉండదు.

“అయితే ఏం?” అన్నాడు. “ఎందుకు కప్పినా, ఆ రోజే కప్పినాడా లేదా?”

“కప్పినాడు.”

“నేను పదేండ్లవాణ్ణి అప్పుడు. లాంతరు నేనే పట్టుకున్నా. తాడు ఇట్ల బిగించల్లరా అని చూపించినాడు.” ఆయన కంబళి అంచు సర్దాడు. “ఇంకేం చెప్పలా ఆయన నాకు. ఎప్పుడూ.”

ఎలిజబెత్ ఈ సంగతి ఇదివరకు వినలేదు కాబోలు, భర్త పక్కకు వచ్చి నిలబడింది.

“తాడు బాగానే బిగిస్తావు బావా,” అంది కృపావతి. “నాకంటే బాగా.”

ఆమె ఆయన చేతుల్లోంచి కంబళి తీసుకుంది. ఆయన వదలలేదు, పట్టుకోనూ లేదు. కంబళిని నాలుగు మడతలు పెట్టి, తాను తెచ్చిన సంచిలో బొంత పక్కన పెట్టింది. తర్వాత కలెక్టరును వ్యాను దగ్గరికి నడిపించి ఎక్కించింది. సుబ్బయ్య తాళ్లు కట్టాడు, రెండే. ఆమె మళ్లీ వెనక్కి వచ్చి వెండి పగ్గం గుంజ నుంచి విప్పింది.

“మ్మే, అదెందుకు విప్పతాండావు?”

వెండి ఆమె వెనక వ్యాను దాకా నడిచింది. ఎక్కేచోట ఒకసారి ఆగి, లోపల కలెక్టరును చూసి, ఎక్కింది. సుబ్బయ్య రెండో గుర్రానికి తాడు ఎక్కడ కట్టాలా అని వెతుక్కున్నాడు. కృపావతి వెనక తలుపు గొళ్లెం వేసి, ముందు సీటులో కూర్చుని, కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

“కర్నూలుకు ఫోన్ చేసి ఆ గుర్రం వద్దని చెప్పు బావా. కంబళి తీసేస్తే జనవరికి వెండికీ బొచ్చు వస్తాది. ఇప్పటి నుంచి రెండూ ఆళ్లగడ్డలోనే ఉంటాయి. ఎప్పుడు కప్పేదీ నేను చెప్తా. ఆ రోజు నువ్వొచ్చి తాడు కట్టు.”